ఏపీపీ పరీక్షా, లీగల్ ఎయిడ్ డిఫెన్సా, పీపీ పదవా: క్రిమినల్ సైడ్ జూనియర్లు ఏది ఎంచుకోవాలి?

లా పూర్తిచేసి, బార్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకుని, సీనియర్ ఆఫీసులో ఫైళ్లు మోస్తున్న జూనియర్లు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న ఇది. "మేడమ్, క్రిమినల్ సైడే చేయాలని ఉంది. కానీ ఇంటికి నెలనెలా కొంత పంపాలి. ఏపీపీ పరీక్షకు కూర్చోవాలా, లీగల్ ఎయిడ్‌లో చేరాలా, కొన్నేళ్లు ఆగి పీపీ పోస్టు కోసం చూడాలా?"

ఏపీపీ అంటే అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్, పీపీ అంటే పబ్లిక్ ప్రాసిక్యూటర్; ఇద్దరూ ప్రభుత్వం తరఫున కేసు వాదించేవాళ్లు. జీతం, సెలవులు, ట్రాన్స్‌ఫర్లు మనసులో పెట్టుకుని అడిగే ప్రశ్న అది. అందులో తప్పేమీ లేదు, వాటి సంగతీ చెబుతాను. అయితే ఈ మూడింట్లో ఏది తీసుకున్నా మీ రోజులో పెద్ద భాగం సాక్షుల క్రాస్ ఎగ్జామినేషన్‌లో గడవదు. రిమాండ్లు (అరెస్టయిన మనిషిని కస్టడీకి పంపాలా వద్దా అన్న విచారణ), బెయిల్ పిటిషన్లు, వాటికి జవాబుగా వేసే కౌంటర్లు, చార్జిషీట్ పరిశీలన, ష్యూరిటీలు (జామీనుదార్లు), విచారణకు ముందే కేసు నుంచి తప్పించమని అడిగే డిశ్చార్జ్ పిటిషన్లు, ఇలా విచారణ మొదలుకాకముందు జరిగే పనిలోనే గడుస్తుంది. 2022 చివరికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే, వాళ్లలో 4,34,302 మంది ఇంకా శిక్ష పడని విచారణ ఖైదీలే అని జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్క. అంటే నూటికి దాదాపు 76 మంది. ఆ మనుషుల విషయంలో అసలు నిర్ణయాలన్నీ మొదటి రెండు మూడు నెలల్లోనే జరుగుతాయి. అందుకే ఈ ఉద్యోగాలను నేను జీతంతో కాకుండా, ఆ రెండు మూడు నెలల్లో మీ చేతిలో ఏముంటుందో చూసి పోలుస్తాను.

మూడూ వేర్వేరు దారులు

ఏపీపీ అంటే మేజిస్ట్రేట్ కోర్టులో ప్రభుత్వం తరఫున కేసు నడిపే రెగ్యులర్ ఉద్యోగి. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ) స్థానంలో 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్)లో 19వ సెక్షన్ ఈ పోస్టుకు ఆధారం. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ భర్తీ చేసేది పోలీస్ రిక్రూట్‌మెంట్ బోర్డే. తెలంగాణ బోర్డు 2021లో 151 పోస్టులకు, 2025లో 118 పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్ బోర్డు 2025లో 42 పోస్టులకు ఇచ్చింది. క్రిమినల్ కోర్టుల్లో కనీసం మూడేళ్ల ప్రాక్టీస్ ఉండాలి.

పోలీస్ బోర్డు తీసుకుంటుంది కాబట్టి ఏపీపీ పోలీసు శాఖ మనిషే అని చాలామంది అనుకుంటారు. కాదు. 1995లో ఎస్.బి. షహానే కేసులో సుప్రీంకోర్టు ఏపీపీలను పోలీసుల అజమాయిషీ నుంచి విడదీసి వేరే కేడర్‌గా ఉంచాలని చెప్పింది. మీ పై అధికారి డైరెక్టర్ ఆఫ్ ప్రాసిక్యూషన్స్, ఎస్పీ కాదు. ఉద్యోగంలో చేరిన మొదటి వారంలోనే ఈ తేడా మీకూ మీ స్టేషన్ల ఎస్సైలకూ స్పష్టంగా తెలియాలి. ఒకసారి గాడి తప్పితే సరిచేసుకోవడం చాలా కష్టం.

రెండోది లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్. జాతీయ న్యాయ సేవల సంస్థ, అంటే నల్సా, 2022లో తెచ్చిన పథకం ఇది. దానికి ముందు లీగల్ ఎయిడ్ అంటే ప్యానెల్ లాయర్లే. ప్రైవేటు కేసులు చూసుకుంటూనే లీగల్ ఎయిడ్ కేసు కూడా చేసేవాళ్లు. ఇప్పుడు జిల్లా కేంద్రంలో పూర్తికాలం పనిచేసే ఆఫీసు ఉంటుంది. అందులో చీఫ్, డిప్యూటీ, అసిస్టెంట్ అని మూడు స్థాయిలు. అసిస్టెంట్‌కు సున్నా నుంచి మూడేళ్ల ప్రాక్టీస్ చాలు. డిప్యూటీకి క్రిమినల్ సైడ్ ఏడేళ్లు, కనీసం 20 ట్రయల్స్ ఉండాలి. చీఫ్‌కు పదేళ్లు, సెషన్స్ కోర్టులో 30 ట్రయల్స్ ఉండాలి. మొదట రెండేళ్ల కాంట్రాక్టు ఇస్తారు, పనితీరు బాగుంటే ఏడాది చొప్పున పొడిగిస్తారు. ప్రైవేటు కేసు ఒక్కటి కూడా తీసుకోకూడదు.

మూడోది సెషన్స్ కోర్టు పబ్లిక్ ప్రాసిక్యూటర్ లేదా అడిషనల్ పీపీ. బీఎన్ఎస్ఎస్ 18వ సెక్షన్ ప్రకారం ఏడేళ్ల ప్రాక్టీస్ ఉన్న అడ్వకేట్లలోంచి, జిల్లా మేజిస్ట్రేట్ సెషన్స్ జడ్జిని సంప్రదించి తయారుచేసిన జాబితా నుంచి ప్రభుత్వం నియమిస్తుంది. ఏపీపీ కేడర్ నుంచి ప్రమోషన్ మీద వచ్చేవాళ్లూ ఉంటారు. నేను ఇక్కడ చెప్పేది బార్ నుంచి నేరుగా టర్మ్ మీద వచ్చే పదవి గురించి.

ఒక ఆదివారం సాయంత్రం

రిమాండ్ అంటే ఏమిటో పుస్తకంలో చదివితే అర్థం కాదు. నేను ప్యానెల్ లాయర్‌గా రిమాండ్ డ్యూటీ చేసిన రోజుల్లో జరిగింది చెబుతాను. ఊరు పేరు, స్టేషన్ పేరు అవసరం లేదు.

ఆదివారం సాయంత్రం ఏడు గంటలకు మేజిస్ట్రేట్ గారి క్వార్టర్స్ వరండా. ఒక కుర్రాడు, పక్కన ఇద్దరు కానిస్టేబుళ్లు. సెల్‌ఫోన్ల దొంగతనం కేసు. రిమాండ్ రిపోర్ట్ నా చేతికి వచ్చింది అప్పుడే. ఆ రోజు ఉదయం 11 గంటలకు బస్టాండ్‌లో అనుమానాస్పదంగా తిరుగుతుంటే పట్టుకున్నామని అందులో ఉంది. వయసు 19 అని రాశారు. గేటు బయట వాళ్లమ్మ నిలబడి ఉంది. చేతిలో పాలిథిన్ కవర్. శుక్రవారం రాత్రి ఇంటి దగ్గర నుంచే తీసుకెళ్లారని చెప్పింది. కవర్‌లో ఏముందమ్మా అని అడిగితే, ఏం తేవాలో తెలియక ఇంట్లో ఉన్న కాగితాలన్నీ తెచ్చానంది. రేషన్ కార్డు, కరెంటు బిల్లు, ఆ అడుగున పదో తరగతి మార్కుల మెమో. పుట్టిన తేదీ లెక్కేస్తే పదిహేడేళ్ల నాలుగు నెలలు.

మెమో మేజిస్ట్రేట్ గారికి అందించాను. ఆయన కుర్రాడిని దగ్గరికి పిలిచి, ఎప్పుడు తీసుకొచ్చారు, ఎవరైనా కొట్టారా అని స్వయంగా అడిగారు. జైలుకు పంపకుండా జువెనైల్ జస్టిస్ బోర్డు ముందు హాజరుపరచమన్నారు. మొత్తం పది నిమిషాలు పట్టింది. నేను ఏ తీర్పూ చదివి వినిపించలేదు, ఏ వాదనా చేయలేదు. గేటు దాకా వెళ్లి కవర్‌లో ఏముందని అడిగాను, అంతే.

డిఫెన్స్ కౌన్సెల్ ఉద్యోగంలో సగం ఇదే. అరెస్టు చేసిన 24 గంటల్లోపు హాజరుపరిచారా, అరెస్టుకు కారణాలు ఆ మనిషికి అర్థమయ్యేలా చెప్పారా, ఏడేళ్లలోపు శిక్ష పడే కేసులో బీఎన్ఎస్ఎస్ 35వ సెక్షన్ కింద హాజరు కమ్మనే నోటీసు ఇవ్వకుండా ఎందుకు అరెస్టు చేశారు, ఒంటి మీద దెబ్బలున్నాయా, వయసెంత, ఇంట్లో ఎవరికైనా కబురు వెళ్లిందా. అలాంటి కేసుల్లో అవసరం లేకుండా అరెస్టు చేయొద్దన్న అర్నేష్ కుమార్ తీర్పు 2014లో వచ్చింది. కారణాలు తెలపకపోతే అరెస్టే చెల్లదని విహాన్ కుమార్ కేసులో 2025లో సుప్రీంకోర్టు చెప్పింది. చట్టం మనవైపే ఉంది. దాన్ని ఆ వరండాలో, ఆ పది నిమిషాల్లో గుర్తుచేసే మనిషి ఉండాలి.

అదే రిమాండ్‌లో ఏపీపీ ఉంటారా? చాలాచోట్ల రాత్రిపూట రిమాండ్లకు ఏపీపీ ఉండరు. కానీ మర్నాడు బెయిల్ పిటిషన్ పడగానే కౌంటర్ వేసేది, కేస్ డైరీ చదివేది ఏపీపీయే. పోలీసులు రాసిచ్చిన దాన్ని యథాతథంగా కౌంటర్‌గా దింపేసే ఏపీపీలు ఉన్నారు. పాత కేసులు ఉన్నాయని పోలీసులు అంటే, ఎన్ని, ఏ స్టేషన్, ఎందులో కొట్టేశారు అని వివరం తెప్పించుకుని నిజం మాత్రమే రాసే ఏపీపీలూ ఉన్నారు. రెండో రకం ఏపీపీ ఉన్న కోర్టులో బెయిల్ విచారణ ఎంత త్వరగా, ఎంత సాఫీగా నడుస్తుందో చూసినవాళ్లకే తెలుస్తుంది. అలాంటి ఏపీపీ అభ్యంతరం చెప్పినప్పుడు జడ్జి గారు దాన్ని బరువుగా తీసుకుంటారు. అభ్యంతరం లేదన్నప్పుడు ఒక మనిషి ఆ సాయంత్రమే ఇంటికి వెళ్తాడు.

ఒకే క్యాలెండర్, రెండు ఆఫీసులు

నా స్నేహితురాలు ఒకామె ఏపీపీ. ఆమె టేబుల్ దగ్గర కూర్చుని టీ తాగుతుండగా ఒక ఎస్సై చార్జిషీట్ డ్రాఫ్ట్ తెచ్చాడు. షాపులో చోరీ, సీసీటీవీ ఫుటేజ్ పెన్‌డ్రైవ్‌లో ఉంది. ఆమె పేజీలు తిప్పి, సాక్ష్య చట్టం స్థానంలో వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ సర్టిఫికెట్ ఏదీ అని అడిగింది. పాత 65బి సర్టిఫికెట్ అన్నమాట. అది లేదు. ఎస్సై వాచీ చూసుకుని, "మేడమ్, రేపటికి అరవై రోజులు" అన్నాడు.

రిమాండ్‌లో ఉన్న మనిషి మీద 60 రోజుల్లో చార్జిషీట్ వేయకపోతే అతనికి బెయిల్ హక్కుగా వస్తుంది. మరణశిక్ష, యావజ్జీవం, పదేళ్లు లేదా అంతకు మించి శిక్ష పడే నేరాలైతే 90 రోజులు. బీఎన్ఎస్ఎస్ 187వ సెక్షన్. దీన్నే మనం డిఫాల్ట్ బెయిల్ అంటాం. ఎస్సై టెన్షన్ దాని గురించే.

ఆమె అడిగిన మొదటి మాట: "దర్యాప్తు నిజంగా అయిపోయిందా, లేక తేదీ కోసం వేస్తున్నారా?" సాక్షుల స్టేట్‌మెంట్లు, రికవరీ పంచనామా, షాపు యజమాని గుర్తింపు అన్నీ సరిగానే ఉన్నాయి. లోటు ఆ ఒక్క సర్టిఫికెట్టే. చార్జిషీట్ వేసి, సర్టిఫికెట్‌ను తర్వాత అదనపు రిపోర్ట్‌తో దాఖలు చేయమని రాతపూర్వకంగా చెప్పింది. దర్యాప్తే సగంలో ఉండి ఉంటే అలా చెప్పేదాన్ని కాదు, బెయిల్ అతని హక్కు, ఇవ్వాల్సిందే అని ఎస్సై వెళ్లాక నాతో అంది. ఆ రోజు నుంచి తన కోర్టు కిందికి వచ్చే స్టేషన్ల రిమాండ్ తేదీలన్నీ గోడ క్యాలెండర్ మీద రాసుకుని, 40వ రోజుకల్లా ఫైలు తన దగ్గరికి రావాలని కబురు పెట్టడం మొదలుపెట్టింది.

సరిగ్గా అలాంటి క్యాలెండరే నేను లీగల్ ఎయిడ్ ఆఫీసులో చూశాను. అక్కడ రాసుకునేది 61వ రోజు. ఆ ఉదయం కోర్టు తెరవగానే చార్జిషీట్ పడిందో లేదో చూసి, పడకపోతే చార్జిషీట్ వచ్చేలోపు డిఫాల్ట్ బెయిల్ అడగాలి. మధ్యాహ్నం దాకా ఆగితే హక్కు చేజారిపోవచ్చు. రాతపూర్వక పిటిషనే ఉండాలని కూడా లేదు, నోటిమాటగా అడిగినా చాలని రాకేష్ కుమార్ పాల్ కేసులో 2017లో సుప్రీంకోర్టు అంది.

ఈ రెండు క్యాలెండర్లలో ఏది మీ గోడ మీద ఉంటే మీకు ఉత్సాహంగా ఉంటుందో కాసేపు నిజాయతీగా ఆలోచించండి. ఫైలు పకడ్బందీగా కోర్టుకు చేరాలని ఆరాటపడే మనిషైతే ప్రాసిక్యూషన్ మీకు నప్పుతుంది. లోపలున్న మనిషి రోజులు లెక్కపెట్టే స్వభావమైతే డిఫెన్స్ నప్పుతుంది. నా అనుభవంలో జీతం కన్నా ఎక్కువగా మనిషిని ఉద్యోగంలో నిలబెట్టేదీ, విసిగించేదీ ఇదే.

ఒక చట్టబద్ధమైన హద్దు కూడా ఏపీపీ కావాలనుకునేవాళ్లు తెలుసుకోవాలి. చార్జిషీట్ వేయాలా వద్దా అన్నది దర్యాప్తు అధికారి నిర్ణయం. మీరు సలహా చెప్పవచ్చు, లోపాలు ఎత్తిచూపవచ్చు, కానీ అతని బదులు నిర్ణయించలేరు. ఆర్. సరళ కేసులో 2000లో సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది. ఇప్పుడు బీఎన్ఎస్ఎస్ 20వ సెక్షన్ ప్రాసిక్యూషన్ డైరెక్టరేట్‌కు పని పంచింది. పదేళ్లు అంతకు మించి శిక్ష పడే కేసులను డైరెక్టర్, ఏడు నుంచి పదేళ్లలోపు కేసులను డిప్యూటీ డైరెక్టర్, ఏడేళ్లలోపు వాటిని అసిస్టెంట్ డైరెక్టర్ పర్యవేక్షిస్తారు. డిప్యూటీ డైరెక్టర్ పోలీసు రిపోర్టును పరిశీలించాలని కూడా అందులో ఉంది. కాబట్టి రాబోయే రోజుల్లో ఈ కేడర్‌లో చార్జిషీట్ పరిశీలన పని పెరుగుతుందే తప్ప తగ్గదు. కాగితం చదవడం ఇష్టంలేని మనిషి ఈ ఉద్యోగంలో ఇమడలేడు.

గంజాయి కేసులు

ఏజెన్సీ సరిహద్దు జిల్లాల్లో పనిచేయబోయేవాళ్లకు ఇది విడిగా చెప్పాలి. వాణిజ్య పరిమాణం, అంటే చట్టం పెద్ద మొత్తంగా లెక్కించే గంజాయి కేసుల్లో చార్జిషీట్‌కు గడువు 180 రోజులు. అది చాలకపోతే ఏడాది దాకా పొడిగించమని అడగవచ్చు, కానీ అడగాల్సింది పబ్లిక్ ప్రాసిక్యూటర్, తన సొంత రిపోర్టుతో. దర్యాప్తు అధికారి ఉత్తరానికి కవరింగ్ లెటర్ పెట్టి పంపితే సరిపోదు. పీపీ పోస్టాఫీసు కాదన్న అర్థంలో 1994లో హితేంద్ర విష్ణు ఠాకూర్ కేసు నుంచీ కోర్టులు చెబుతూనే ఉన్నాయి. పట్టుబడేవాళ్లలో చాలామంది మూటలు మోసిన కూలీలు, లారీ క్లీనర్లు. ఈ కేసులు నడిచే మాదకద్రవ్యాల చట్టం కింద బెయిల్ దొరకడం ఎంతో కష్టం. ఇలాంటి కోర్టులో పీపీగా కూర్చుంటే మీ ఒక్క సంతకం ఒక మనిషిని ఇంకో ఆరు నెలలు లోపల ఉంచగలదు. ఆ సంతకం బరువు తెలిసినవాళ్లే అక్కడికి వెళ్లాలి.

బెయిల్ వచ్చినా బయటికి రాని మనుషులు

లీగల్ ఎయిడ్ వైపు మాత్రమే కనిపించే పని ఒకటుంది. బెయిల్ ఆర్డర్ వస్తుంది, మనిషి రాడు. ఇద్దరు ష్యూరిటీలు కావాలి, ఇంటి పన్ను రసీదు కావాలి, అదే జిల్లా వాళ్లై ఉండాలి. ఒడిశా నుంచి ఇటుకబట్టీ పనికి వచ్చినవాడికి మన జిల్లాలో ఇంటి పన్ను కట్టేవాడు ఎవడు దొరుకుతాడు? 1978లో మోతీరామ్ అనే తాపీమేస్త్రీ కేసులో 10,000 రూపాయల ష్యూరిటీ అడిగి, అతని అన్నదమ్ముడి ఆస్తి వేరే జిల్లాలో ఉందని కాదంటే, జస్టిస్ కృష్ణయ్యర్ దాన్ని తప్పుపట్టారు. అప్పటికీ ఇప్పటికీ మన కోర్టు వరండాల్లో అదే కథ నడుస్తోంది.

2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఒక పద్ధతి పెట్టింది. బెయిల్ వచ్చి ఏడు రోజులైనా విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంట్ జిల్లా న్యాయ సేవాధికార సంస్థ కార్యదర్శికి తెలియజేయాలి. నెల రోజుల్లో పూచీకత్తులు ఇవ్వలేకపోతే కోర్టు తనంతట తానే షరతు సడలించే విషయం ఆలోచించవచ్చు. ఆ జాబితా పట్టుకుని జైలుకు వెళ్లి, ఎవరికి ఏం అడ్డొచ్చిందో కనుక్కుని, షరతు తగ్గించమని పిటిషన్ వేసేది డిఫెన్స్ కౌన్సెలే. బీఎన్ఎస్ఎస్ 479వ సెక్షన్ కింద మొదటిసారి కేసులో చిక్కుకున్నవాళ్లు గరిష్ఠ శిక్షలో మూడో వంతు, మిగతావాళ్లు సగం కాలం లోపల గడిపారా అని లెక్క తీసేదీ వాళ్లే. మరణశిక్ష, యావజ్జీవం పడే నేరాలకు ఇది వర్తించదు.

అమెరికాలో ఫెడరల్ కోర్టులకు 1982 చట్టంతో ప్రీట్రయల్ సర్వీసెస్ అనే వ్యవస్థ వచ్చింది. అరెస్టయిన మనిషి ఇల్లు, ఉద్యోగం, కుటుంబం గురించి అధికారులే విచారించి, బయటికి పంపవచ్చా లేదా అని జడ్జికి నివేదిక ఇస్తారు. మన దగ్గర అలాంటి ఆఫీసు లేదు. మనిషికి ఊళ్లో ఉన్న వేళ్లు చూడాలి, డబ్బు కాదు అని హుస్సేనారా ఖాతూన్ కేసులో 1979లోనే జస్టిస్ భగవతి చెప్పారు. ఆ వివరాలు సేకరించి కోర్టు ముందు పెట్టే పని మాత్రం లాయర్ మీదే పడింది. అసిస్టెంట్ డిఫెన్స్ కౌన్సెల్‌గా చేరితే ఇంట్లో ఎంతమంది, సొంత ఇల్లా అద్దె ఇల్లా, ఎన్నేళ్లుగా ఆ వీధిలో ఉన్నాడు, ఎవరి దగ్గర పని చేస్తాడు అన్న నాలుగు ప్రశ్నలు మొదటి ములాఖత్‌లోనే అడిగి రాసుకునే అలవాటు చేసుకోండి.

డబ్బు, భద్రత

ఇక్కడ పోలిక సులభం. 2025 నోటిఫికేషన్ల ప్రకారం ఏపీపీ పే స్కేల్ ఆంధ్రప్రదేశ్‌లో 57,100 నుంచి 1,47,760 రూపాయలు, తెలంగాణలో 54,220 నుంచి 1,33,630 రూపాయలు. దానిపైన డీఏ, ఇంటి అద్దె. పాత పెన్షన్ ఉండదు. ట్రాన్స్‌ఫర్లు ఉంటాయి, తెలంగాణలో పోస్టు మల్టీజోన్, అంటే అనేక జిల్లాలు కలిసిన పరిధిది. సొంత ఊళ్లోనే ఉండాలనుకునేవాళ్లు ఇది ముందే ఇంట్లో మాట్లాడుకోవాలి. ఎదుగుదల అడిషనల్ పీపీ మీదుగా డైరెక్టరేట్ దాకా ఉంటుంది.

డిఫెన్స్ కౌన్సెల్‌కు వచ్చేది గౌరవ వేతనం. జిల్లా కేటగిరీని బట్టి మారుతుంది, మీ జిల్లా నోటిఫికేషన్‌లో మొత్తం రాసి ఉంటుంది. ఏపీపీ జీతంతో అసిస్టెంట్ గౌరవ వేతనం సరితూగదు. ప్రభుత్వ ఉద్యోగి హోదా లేదు, ఆరు నెలలకోసారి పనితీరు చూస్తారు, కాంట్రాక్టు పొడిగించకపోతే అడిగే దిక్కుండదు. ఇంటి లోను, పిల్లల ఫీజులు ఉన్నవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. అయితే సీనియర్ ఆఫీసులో మొదటి మూడేళ్లు జూనియర్ చేతికి వచ్చేదానితో పోల్చి చూడండి. చాలామంది జూనియర్లకు బస్సు ఛార్జీలే వస్తాయి. అప్పుడు ఇదే మంచి ఆసరాగా కనిపిస్తుంది.

టర్మ్ మీద వచ్చే పీపీ పదవికి డబ్బుకన్నా గౌరవం ఎక్కువ. దాని బలహీనత అందరికీ తెలిసిందే, ప్రభుత్వం మారితే ఉంటుందో లేదో. 1990లో శ్రీలేఖ విద్యార్థి కేసులో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం జిల్లా ప్రభుత్వ లాయర్లందరినీ ఒక్క సర్క్యులర్‌తో తీసేస్తే సుప్రీంకోర్టు కొట్టేసింది. కానీ తీర్పు ఉందని నమ్ముకుని ఇల్లు నడపలేం. ఆ పదవిని ప్రాక్టీస్‌కు అదనంగా చూడాలే గానీ, ప్రాక్టీస్‌కు బదులుగా చూడకూడదు.

జడ్జి కావాలనుకునేవాళ్లకు రెండు సంగతులు. జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు మూడేళ్ల ప్రాక్టీస్ ఉండాలని 2025 మే 20న సుప్రీంకోర్టు తిరిగి తెచ్చింది. కాబట్టి కోర్టుకు వెళ్లకుండా కోచింగ్ హాల్లో కూర్చునే రోజులు పోయాయి. ఇక ప్రాసిక్యూటర్‌గా చేరితే అడ్వకేట్ కోటాలో డిస్ట్రిక్ట్ జడ్జి అవకాశం పోతుందన్న భయం అక్కర్లేదు. కోర్టులో హాజరై కేసులు నడిపే ప్రాసిక్యూటర్లు అడ్వకేట్లుగానే లెక్కకు వస్తారని 2013లో దీపక్ అగర్వాల్ కేసులో తేలింది.

ఒత్తిడి ఎటువైపు నుంచి

ఏపీపీ మీద పోలీసుల ఒత్తిడి, ఫిర్యాదుదారు ఒత్తిడి, ఒక్కోసారి రాజకీయ ఒత్తిడి ఉంటాయి. కేసు ఉపసంహరణ జీవో వచ్చినప్పుడు ఇది బాగా తెలుస్తుంది. బీఎన్ఎస్ఎస్ 360వ సెక్షన్ కింద పిటిషన్ వేయాల్సింది ప్రాసిక్యూటర్, అదీ సొంతంగా ఆలోచించి. 2021లో కేరళ అసెంబ్లీ గొడవ కేసులో సుప్రీంకోర్టు ఉపసంహరణను ఒప్పుకోలేదు. ఆ రోజు కోర్టులో నిలబడి సమాధానం చెప్పాల్సింది జీవో ఇచ్చినవాళ్లు కాదు, సంతకం పెట్టిన మీరే.

డిఫెన్స్ కౌన్సెల్‌కు ఒత్తిడి పైనుంచి తక్కువ, కింది నుంచి ఎక్కువ. ప్రభుత్వం ఇచ్చిన లాయర్ అంటే పోలీసుల మనిషే అన్న అనుమానం ముద్దాయి కళ్లల్లో కనిపిస్తూనే ఉంటుంది. పుస్తెలు కుదువపెట్టి ప్రైవేటు లాయర్‌ను పెట్టుకుంటామని కుటుంబం అంటుంది. మీరు బాగా పనిచేసినా ఆ ఫైలు చేతులు మారుతుంది. కేసుల సంఖ్య ఎక్కువ, గంటలు అనిశ్చితం, రిమాండ్‌కు ఆదివారం లేదు పండగ లేదు. మొదటి ములాఖత్‌కు స్వయంగా వెళ్లి, వాయిదా తేదీ ఇంటివాళ్లకు ఫోన్‌లో చెప్పే లాయర్‌ను మాత్రం ఎవరూ వదులుకోరు. అది నేను చాలాసార్లు చూశాను.

ఎవరికి ఏది

ఎన్‌రోల్ అయి ఏడాదో రెండేళ్లో అయింది, ఇంటి నుంచి ఆర్థిక ఆసరా లేదు అంటే, అసిస్టెంట్ డిఫెన్స్ కౌన్సెల్ నోటిఫికేషన్ కోసం చూడండి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థే వేస్తుంది. ఒక్క ఏడాదిలో మీరు చూసే రిమాండ్లు, బెయిళ్లు సీనియర్ ఆఫీసులో ఐదేళ్లకు కూడా చూడరు. తర్వాత ఏపీపీకి వెళ్లాలనుకున్నా ఇది మంచి పునాది. నా మటుకు నేను దీన్నే మొదట చెబుతాను. లోపల ఉన్న మనిషితో ఒక్కసారైనా కూర్చుని మాట్లాడినవాళ్లు ప్రాసిక్యూటర్లయితే వాళ్ల కౌంటర్లే వేరుగా ఉంటాయి.

మూడేళ్లు దాటాయి, కుటుంబం మీ మీద ఆధారపడి ఉంది అంటే ఏపీపీకి కూర్చోండి. కానీ ఆ నోటిఫికేషన్ ఏటా రాదు. ప్రాక్టీస్ మానేసి దానికోసమే ఎదురుచూడటం ప్రమాదం. ఆబ్జెక్టివ్ పేపర్‌తో పాటు డిస్క్రిప్టివ్ పేపర్ ఉంటుంది, అందులో చాలామంది దెబ్బతింటారు. రోజుకో కౌంటరో, ఒక చార్జ్ డ్రాఫ్టో చేత్తో రాసి సీనియర్‌కు చూపించండి. కేంద్ర స్థాయిలో సీబీఐ ప్రాసిక్యూటర్ పోస్టులు యూపీఎస్సీ ద్వారా వస్తాయి, అవీ గమనిస్తూ ఉండండి.

ఏడు నుంచి పదేళ్ల మధ్య ఉన్నవాళ్లకు అసలు తర్జనభర్జన. టర్మ్ పీపీగా వెళ్లాలా, డిప్యూటీ డిఫెన్స్ కౌన్సెల్‌గా వెళ్లాలా? సొంత ప్రాక్టీస్ గట్టిగా ఉంటే, సెషన్స్ ట్రయల్స్ మీద మక్కువ ఉంటే పీపీ బాగుంటుంది. ప్రాక్టీస్ ఒడుదొడుకుల్లో ఉంటే డిప్యూటీ మేలు. అయితే ప్రైవేటు కేసులన్నీ వదిలేయాలి, రెండేళ్ల తర్వాత ఆ క్లయింట్లు తిరిగి వస్తారన్న హామీ లేదు. ఈ ఒక్క కారణంతో చేరి మధ్యలో మానేసినవాళ్లు నాకు తెలుసు. చేరేముందు మీ చేతిలో ఉన్న ఫైళ్లు ఎవరికి అప్పగిస్తారో తేల్చుకోండి.

ఏ దారి తీసుకోవాలనుకున్నా ఈ వారమే చేయగలిగిన పని ఒకటుంది. ఒక పొడవాటి నోటుబుక్ కొని, మీరు హాజరైన ప్రతి కేసు నంబరు, కోర్టు, సెక్షన్లు, ఆ రోజు మీరు చేసిన పని రాసుకోండి. ఏపీపీకి మూడేళ్ల ప్రాక్టీస్ రుజువు అడుగుతారు, డిప్యూటీకి 20 ట్రయల్స్, చీఫ్‌కు 30 ట్రయల్స్ లెక్క చూపాలి. వకాలత్ సీనియర్ పేరు మీద ఉండి, క్రాస్ చేసింది మీరైతే, డిపాజిషన్‌లో, అంటే సాక్షి వాంగ్మూలం రికార్డులో, మీ పేరు పడేలా బెంచ్ క్లర్క్‌ను మర్యాదగా అడిగి వేయించుకోండి, ఆ సర్టిఫైడ్ కాపీకి అప్పుడే దరఖాస్తు పెట్టుకోండి. నోటిఫికేషన్ వచ్చాక ఏడేళ్ల కిందటి కేసు నంబర్ల కోసం రికార్డు రూమ్ చుట్టూ తిరిగిన మనుషులను నేను చూశాను. దరఖాస్తు గడువు ముగిసేలోపు వాళ్లకు సగం నంబర్లు కూడా దొరకలేదు.